జంతువుల లెక్క అడిగిన శాస్త్రవేత్త: చార్లెస్ ఎల్టన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

చార్లెస్ ఎల్టన్ ఎవరు?

ఇంగ్లండ్‌కు చెందిన జంతు ఆవరణ శాస్త్రవేత్త. 1900 మార్చి 29న మాంచెస్టర్‌లో పుట్టి, 1991 మే 1న ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశారు. పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఆహార గొలుసు, సంఖ్యా పిరమిడ్, నిచ్ (తన సమాజంలో ఒక జంతువు చేసే పని, దాని స్థానం) అనే భావనలను ఒకచోట కూర్చి, జంతు సమాజాల అధ్యయనానికి శాస్త్రంగా ఒక రూపం తెచ్చినవారు ఆయనే.

ఆయన పేరు విన్నవాళ్లలో కొందరికి పిరమిడ్ గుర్తొస్తుంది, కొందరికి పరాయి జీవుల దండయాత్ర గుర్తొస్తుంది. నన్నడిగితే ఈ రెండింటికీ వెనుక ఉన్న అలవాటే ముఖ్యమంటాను. అప్పటి ప్రకృతి పరిశీలకులు ఒక జంతువు కనిపిస్తే దాని పేరేమిటి, ఎక్కడ దొరుకుతుంది అని అడిగేవారు. ఎల్టన్ అక్కడితో ఆగకుండా ఎన్ని ఉన్నాయి, నిరుడు ఎన్ని ఉండేవి, ఏం తిని బతుకుతున్నాయి, వాటిని ఎవరు తింటున్నారు అని అడిగారు. జవాబుల కోసం అడవుల్లో ఎంత తిరిగారో, పాత వ్యాపార చిట్టాల్లోనూ అంతే తిరిగారు.

ఆయన కుటుంబం, చదువు గురించి చెప్పండి.

తండ్రి ఆలివర్ ఎల్టన్ పేరున్న ఆంగ్ల సాహిత్య విమర్శకుడు, ఆచార్యుడు. తల్లి లెటీషియా పిల్లల పుస్తకాలు రాసేవారు. పుస్తకాల ఇంట్లో పుట్టిన పిల్లవాడికి పురుగులూ పిట్టలూ చూపించి ఆసక్తి రగిలించింది అన్న జెఫ్రీ. ఆ అన్న 1927లో, చిన్న వయసులోనే పోయారు.

లివర్‌పూల్ కాలేజీలో చదివాక ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీలో చేరి 1922లో జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ జంతుశాస్త్రమంటే ప్రధానంగా కోసి చూడటం, అవయవాలను పోల్చడం, పిండం ఎలా ఎదుగుతుందో గమనించడం. బతికున్న జంతువు బయట ఏం చేస్తోందన్నది పెద్దగా పట్టించుకునే విషయం కాదు. అదృష్టవశాత్తు ఎల్టన్‌కు పాఠం చెప్పినవారిలో జూలియన్ హక్స్‌లీ ఉన్నారు. శిష్యుడి తిరుగుడు అలవాటును ఆయన మాన్పించలేదు సరికదా, తనతో పాటు ఉత్తర ధ్రువ ప్రాంతానికి తీసుకెళ్లారు.

మొదటి పెళ్లి 1928లో జరిగింది, అది నిలవలేదు. 1937లో కవయిత్రి ఎడిత్ జాయ్ స్కోవెల్‌ను చేసుకున్నారు. భర్త పదవీ విరమణ తర్వాత మధ్య, దక్షిణ అమెరికా వర్షారణ్యాల్లో చేసిన పరిశీలనల్లో ఆమె కూడా పాలుపంచుకున్నారు.

స్పిట్స్‌బెర్గెన్ యాత్రలకు అంత ప్రాధాన్యం ఎందుకు?

1921లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం స్పిట్స్‌బెర్గెన్ దీవులకు వెళ్లింది. హక్స్‌లీకి సహాయకుడిగా ఎల్టన్ కూడా ఓడెక్కారు. అప్పటికింకా విద్యార్థే. తర్వాత 1923లో, 1924లో మళ్లీ వెళ్లారు. 1930లో ఉత్తర ఐరోపాలోని లాప్‌లాండ్‌కు వెళ్లారు.

జీవజాతులు తక్కువగా ఉన్న చోటుకు వెళ్లడమే అక్కడ కలిసొచ్చింది. ఉష్ణమండలపు అడవిలో ఎవరు ఎవరిని తింటున్నారో రాయబోతే ఒక జీవితకాలం చాలదు. మంచు నేలల్లో జాతులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్ని కాకపోయినా, ఒక కాగితం మీద పట్టేటన్ని ఉంటాయి. నార్వేకూ స్పిట్స్‌బెర్గెన్‌కూ మధ్యనున్న బేర్ దీవిలో ఎల్టన్, వృక్షశాస్త్రవేత్త విక్టర్ సమర్‌హేస్ కలిసి సరిగ్గా ఆ పని చేశారు. 1923లో అచ్చయిన వారి వ్యాసంలో ఒక పటం ఉంది. సముద్రపు పక్షులు చేపలు తిని ఒడ్డున రెట్టలు వేస్తాయి. ఆ రెట్టల్లోని నత్రజని నేలలోకి దిగి మొక్కలకు అందుతుంది. మొక్కల్ని పురుగులు, పురుగుల్ని చిన్న పిట్టలు, పిట్టల్నీ వాటి గుడ్లనూ ధ్రువపు నక్క తింటాయి. మరోపక్క సీల్‌ను ధ్రువపు ఎలుగుబంటి తింటుంది. బాణం గుర్తులన్నీ కలిపి చూస్తే, నేలమీది బతుకంతా సముద్రం పెట్టిన తిండి మీద ఎంతగా ఆధారపడి ఉందో తెలిసిపోతుంది. ఒక ప్రదేశపు జీవులన్నింటినీ తిండి సంబంధాలతో కలిపి గీసిన తొలినాటి పటాల్లో ఇదొకటి.

లెమ్మింగులు గుంపుగా సముద్రంలో దూకి చస్తాయని ఎల్టన్ చెప్పారా?

చెప్పారనే ఒప్పుకోవాలి. అయితే ఆ కథ ఆయనతో మొదలైనది కాదు.

1923 యాత్ర నుంచి తిరిగి వస్తూ నార్వేలోని ట్రోమ్సోలో ఒక పుస్తకాల దుకాణానికి వెళ్లారు. రాబర్ట్ కొలెట్ అనే నార్వే శాస్త్రవేత్త తమ దేశపు క్షీరదాల మీద రాసిన పుస్తకం కనిపించింది. ఆ భాష రాకపోయినా, చేతిలో మిగిలిన కొద్దిపాటి డబ్బు పెట్టి కొనేశారు. అందులో లెమ్మింగులు విపరీతంగా పెరిగిపోయిన సంవత్సరాల పట్టిక ఉంది. లెమ్మింగ్ ఎలుక జాతికి చెందిన, బొద్దుగా ఉండే చలిదేశపు చిన్న జంతువు. ఆ సంవత్సరాలను వరసగా పేర్చి చూస్తే మూడు నాలుగేళ్లకోసారి ఉప్పెనలా పెరిగి, ఆ వెంటనే పడిపోతున్నట్టు తేలింది. అప్పుడు కెనడాలో ధ్రువపు నక్కల తోళ్ల లెక్కలు తీసి పక్కన పెట్టుకున్నారు. అవి కూడా అలాగే ఎగుడుదిగుడుగా ఉన్నాయి.

దీని మీద 1924లో ఆయన రాసిన వ్యాసం జంతువుల సంఖ్య గురించి శాస్త్రవేత్తలు ఆలోచించే తీరును మార్చేసింది. వ్యాసంలో ఒకచోట, లెమ్మింగులు కొండలు దిగి సముద్రం దాకా నడిచి నీళ్లలో పడి చనిపోవడాన్ని ఉత్సాహంగానే వర్ణించారు. ఆ దృశ్యం ఆయన కళ్లారా చూసినది కాదు. స్పిట్స్‌బెర్గెన్‌లో అసలు లెమ్మింగులే లేవు. సంఖ్య పెరిగి ఇరుకైనప్పుడు అవి వలస పోతాయి, దారిలో నీళ్లు అడ్డొస్తే ఈదబోయి కొన్ని మునుగుతాయి. ఎక్కువ భాగం చచ్చేది వేటాడే జంతువుల నోట పడో, తిండి దొరకకో. చావాలనే కోరిక వాటికి అంటగట్టింది మనుషులే. ఎల్టన్ వ్యాసంలో కొట్టేయాల్సింది ఆ ఒక్క పేరానే, లెక్కలు మాత్రం నిలిచాయి.

తోళ్ల వ్యాపారం చేసే కంపెనీతో ఆయనకేం పని?

హడ్సన్స్ బే కంపెనీ 1670 నుంచి కెనడాలో జంతువుల తోళ్లు కొని లండన్‌లో వేలం వేసేది. ఏ వ్యాపార ఠాణా నుంచి ఏ ఏడాది ఎన్ని నక్క తోళ్లు, ఎన్ని లింక్స్ తోళ్లు వచ్చాయో గుమాస్తాలు తరతరాలుగా రాసి పెట్టారు. వ్యాపారం కోసం రాసిన ఆ పద్దులు జంతువుల సంఖ్యకు వందేళ్ల పైబడిన చరిత్ర అవుతాయని ఎల్టన్ గుర్తించారు. ధ్రువ యాత్రలు నడిపిన జార్జ్ బిన్నీ ఆ కంపెనీలో చేరడం కలిసొచ్చింది. 1920ల రెండో సగంలో ఎల్టన్ కంపెనీకి సలహాదారు అయ్యారు. వచ్చే ఏడాది తోళ్లు ఎన్ని వస్తాయో ముందే చెప్పగలిగితే కంపెనీకి లాభం, ఎందుకు వస్తాయో తెలిస్తే శాస్త్రానికి లాభం.

తోళ్ల లెక్కను జంతువుల లెక్కగా తీసుకోవడంలో ప్రమాదం ఉందని ఆయనకు తెలుసు. ధర పడిపోతే వేటగాళ్లు బోనులు పెట్టరు. వాళ్ల ఊళ్లో జబ్బు ప్రబలినా పెట్టరు. ఈ చలికాలం పట్టిన జంతువు తోలు మరుసటి ఏడాది పద్దులోకి ఎక్కుతుంది. ఇవన్నీ సరిచూసుకుంటూ, మేరీ నికల్సన్‌తో కలిసి 1942లో లింక్స్ మీద ఒక వ్యాసం ప్రచురించారు. లింక్స్ అంటే చలి అడవుల్లో తిరిగే, తోక పొట్టిగా ఉండే పెద్ద అడవిపిల్లి. మెకెంజీ నది ప్రాంతంలో 1821 నుంచి 1934 దాకా పట్టిన లింక్స్‌ల వరస ఆ వ్యాసం నుంచే లోకానికి తెలిసింది. గణాంక శాస్త్రం నేర్చుకునేవాళ్లు నేటికీ దాని మీద చెయ్యి తిప్పుకుంటారు. కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాములలో ఆ 114 అంకెలు ముందే పెట్టి ఇస్తారు.

పాత పద్దులతోనే ఊరుకోలేదు. 1931 నుంచి కెనడాలోని ఠాణాలకు ఏటా ప్రశ్నపత్రాలు పంపించారు. అందులో ప్రధానమైన ప్రశ్న సూటిగా ఉండేది: మీ ప్రాంతంలో నిరుటి మీద కుందేళ్లు పెరిగాయా, తగ్గాయా?

మరి లింక్స్, అవి తినే కుందేళ్లు పదేళ్లకోసారి పెరిగి పడిపోవడానికి కారణం దొరికిందా?

చాలావరకు దొరికింది గాని ఎల్టన్ కాలంలో కాదు. 1924లో ఆయన అనుమానం సూర్యుడి మచ్చల మీదికి పోయింది. దాదాపు పదకొండేళ్లకోసారి మచ్చలు పెరుగుతాయి కాబట్టి వాతావరణం మారి జంతువుల సంఖ్య మారుతుందేమో అనుకున్నారు. అంకెలు పోగయ్యేకొద్దీ ఆ ఊహ నిలవలేదు. లింక్స్ చక్రం సగటున తొమ్మిదిన్నర ఏళ్ల పైచిలుకు. ఒకటి రెండు సార్లు మచ్చలతో కలిసి నడిచినా, వందేళ్లు చూస్తే రెండూ ఎడమొహం పెడమొహం అవుతాయి. 1942 వ్యాసంలో తన పాత ఊహను తానే పక్కన పెట్టారు.

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లువానీ దగ్గర, చార్లెస్ క్రెబ్స్ బృందం 1980లలో, 90లలో పెద్ద ఎత్తున ప్రయోగం చేసింది. అదనంగా తిండి పెట్టిన చోట కుందేళ్లు సుమారు మూడింతలయ్యాయి. కంచె వేసి వేటాడే జంతువుల్ని రాకుండా చేసిన చోట రెండింతలయ్యాయి. రెండూ చేసిన చోట పదకొండింతలయ్యాయి. అంటే ఆకలి, వేట కలిసి తిప్పుతున్న చక్రమిది. క్రెబ్స్ గురువు డెన్నిస్ చిట్టీ, చిట్టీ పనిచేసింది ఎల్టన్ దగ్గర. ప్రశ్న ఆ కుటుంబంలోనే ఉండిపోయింది.

1927 నాటి ‘యానిమల్ ఎకాలజీ’లో అంత గొప్పేముంది?

27 ఏళ్ల వయసులో వెలువరించిన ఈ పుస్తకాన్ని దాదాపు మూడు నెలల్లో రాసేశారు. హక్స్‌లీ సంపాదకత్వంలోని పుస్తకాల వరుసలో వచ్చింది. రెండు వందల పేజీల చిల్లర. చదువుతుంటే పాఠ్యగ్రంథంలా ఉండదు, తెలిసిన విషయం చెబుతూ పక్కన నడుస్తున్న మనిషి మాటలా ఉంటుంది.

అందులో ఆయన జంతు సమాజాన్ని నడిపేది మొదటగా తిండేనన్నారు. మొక్క నుంచి శాకాహారికీ, దాని నుంచి మాంసాహారికీ సాగే వరస ఆహార గొలుసు. ఒక చోటున్న గొలుసులన్నీ అల్లుకుంటే ఏర్పడేది నేడు మనం ఆహార జాలకం అంటున్నది. తిండి గురించిన అధ్యాయం తలపై చైనా సామెతలు పెట్టారు. పెద్ద చేప చిన్న చేపను తింటుంది, చిన్న చేప నీటి పురుగుల్ని తింటుంది, నీటి పురుగులు మొక్కల్నీ బురదనూ తింటాయి అన్నది వాటిలో ఒకటి. మత్స్యన్యాయం తెలిసిన మనకు మొదటి భాగం కొత్త కాదు. శాస్త్రానికి కావలసింది చివరి భాగం, బురద దాకా వెళ్లడం.

తర్వాత తిండి పరిమాణం. సాలెగూడులో ఏనుగు పడదని ఆయనే సరదాగా రాస్తారు. వేటాడే జంతువుకు పై హద్దూ, కింది హద్దూ ఉంటాయి. మరీ పెద్దదాన్ని పట్టలేదు. మరీ చిన్నదైతే రోజంతా ఏరుకున్నా కడుపు నిండదు. తోడేళ్లు గుంపుకట్టి పై హద్దును దాటుతాయి. తిమింగలం నీటిని వడగట్టి కింది హద్దును దాటుతుంది. ఏ పరిమాణం తిండినైనా అందుకోగలిగింది మనిషి ఒక్కడే. గొలుసులో ప్రతి మెట్టుకూ జంతువు పెద్దదవుతూ పోవడం, ఆ గొలుసు నాలుగైదు కొక్కేలతో ఆగిపోవడం కూడా ఇక్కడి నుంచే అర్థమవుతాయి. పరాన్నజీవుల గొలుసు దీనికి తలకిందులు: పోనుపోను చిన్నవవుతాయి, సంఖ్య పెరుగుతుంది.

సంఖ్యల పిరమిడ్‌కు ఆయన ఇచ్చిన ఉదాహరణ ఎండాకాలపు ఓక్ అడవి. ఆకుల మీద పేనుబంక లాంటి పురుగులు కోట్లలో ఉంటాయి. వాటిని తినే సాలీళ్లు, పెంకుపురుగులు అంతకంటే తక్కువ. వాటిని తినే చిన్న పిట్టలు ఇంకా తక్కువ. ఆ పిట్టల్ని తన్నుకుపోయే డేగలు ఒకటో రెండో. డేగ ఎందుకు అరుదైన పక్షి అన్న ప్రశ్నకు అప్పటిదాకా రకరకాల జవాబులుండేవి. దాని కింద ఎంతమంది బతకాలో లెక్క వేస్తే అది అరుదుగా ఉండక తప్పదని ఎల్టన్ చూపించారు.

ఇక నిచ్. ఇక్కడ ఆయన ఉదాహరణ అద్భుతం. ధ్రువపు నక్క వేసవిలో గిల్లెమాట్ లాంటి పక్షుల గుడ్లు తింటుంది, చలికాలంలో ఎలుగుబంటి చంపిన సీల్ మిగులు మీద కొంతవరకు బతుకుతుంది. ఆఫ్రికా గడ్డిమైదానంలో మచ్చల దుమ్ములగొండి నిప్పుకోడి గుడ్లు తింటుంది, సింహం చంపిన జీబ్రా మిగులు మీద బతుకుతుంది. ఒకటి మంచులో, ఒకటి మండుటెండలో. బంధుత్వమూ లేదు, పోలికా లేదు. అయినా వాటి సమాజాల్లో రెండూ చేస్తున్న కొలువు ఒకటే. ఆఫ్రికాలో పెద్ద జంతువుల ఒంటి మీది పిడుదులను ఏరి తినే పిట్టలనూ, గలాపగోస్ దీవుల్లో బల్లుల మీది పిడుదులను ఏరే ఎర్ర పీతనూ కూడా ఇలాగే పక్కపక్కన పెట్టారు. బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే జంతువు కనిపిస్తే, ‘అదిగో చర్చి ఫాదర్ వెళ్తున్నారు’ అన్నప్పుడు ఆయన ఊళ్లో ఏం చేస్తారో మనకు ఎలా స్ఫురిస్తుందో, బ్యాడ్జర్ చేసే పని కూడా అలా స్ఫురించాలని ఎల్టన్ కోరిక.

నిచ్ అనే మాట ఆయన సృష్టేనా?

కాదు. అమెరికాలో జోసఫ్ గ్రిన్నెల్ 1917లోనే ఒక పక్షి గురించి రాస్తూ వాడారు. ఆయన దృష్టి ఆ పక్షి బతకడానికి కావలసిన చోటు, పరిస్థితుల మీద. ఎల్టన్ దృష్టి అది చేసే పని మీద. 1957లో ఈవ్‌లిన్ హచిన్‌సన్ ఈ భావనకు గణిత రూపం ఇచ్చారు.

సంఖ్యా పిరమిడ్ అన్నిచోట్లా నిలుస్తుందా?

నిలవదు. ఒక్క చెట్టు మీద వేల పురుగులు బతుకుతాయి. అక్కడ తలల్ని లెక్కపెడితే పిరమిడ్ అడుగు సన్నగా, నడుము లావుగా వస్తుంది. చెట్టునూ పురుగునూ చెరొకటిగా లెక్కించడంలోని చిక్కు ఇది. అందుకే తర్వాతివాళ్లు తలలకు బదులు బరువును, ఆపైన శక్తిని కొలిచారు. 1942లో రేమండ్ లిండ్‌మన్ అమెరికాలోని ఒక చిన్న సరస్సులో శక్తి ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎలా తరుగుతుందో లెక్క కట్టారు. ఆ వ్యాసం అచ్చయ్యేలోపే ఆయన చనిపోయారు. అందులో ఆయన ఎల్టన్ పేరుతోనే పిరమిడ్‌ను ప్రస్తావించారు. శక్తి పిరమిడ్ మాత్రం తలకిందులు కాదు.

ప్రకృతిలో సమతుల్యత ఉంటుందని ఎల్టన్ నమ్మారా?

దీనికి చాలామంది అవునని చెప్పేస్తారు. ఆయన 1930లో రాసిన చిన్న పుస్తకంలో మాత్రం ప్రకృతి సమతుల్యత అనేది లేదు, బహుశా ఎన్నడూ లేదు అని తెగేసి చెప్పారు. లెమ్మింగులు, లింక్స్‌ల పద్దులు చూసిన మనిషి మరోలా చెప్పడం కష్టం. సంఖ్యలు ఎప్పుడూ ఊగుతూనే ఉంటాయి, ఒకదాని ఊపు మరోదాన్ని ఊపుతుంది, అంతా సర్దుకుని నిశ్చలంగా నిలిచే రోజు రాదు. తర్వాతి రచనల్లో జాతుల వైవిధ్యం ఎక్కువున్న సమాజాలు తట్టుకుని నిలుస్తాయన్నారు. ఈ రెండూ పొసగవని కొందరంటారు గాని, ఊగడం వేరు, కూలిపోవడం వేరు.

ఆయన నెలకొల్పిన బ్యూరో ఏం చేసింది?

1931లో కెనడా తూర్పు తీరంలోని మాటమెక్‌లో జీవుల సంఖ్యా చక్రాల మీద ఒక సమావేశం జరిగింది. అమెరికా వన్యప్రాణి శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్‌తో ఎల్టన్ స్నేహం అక్కడే మొదలైంది. లియోపోల్డ్ తర్వాత నేలను ఒక పిరమిడ్‌గా చూస్తూ రాసిన వాటిలో ఈ స్నేహం జాడ స్పష్టంగా కనిపిస్తుంది. మరుసటి ఏడాది, 1932లో, ఎల్టన్ ఆక్స్‌ఫర్డ్‌లో బ్యూరో ఆఫ్ యానిమల్ పాపులేషన్ స్థాపించారు. అదే ఏడాది బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ మొదలుపెట్టిన జంతు ఆవరణ శాస్త్ర పత్రికకు సంపాదకుడయ్యారు.

బ్యూరో చిన్నదే గాని అక్కడ పనిచేసినవాళ్ల జాబితా చిన్నది కాదు. డెన్నిస్ చిట్టీ గడ్డిభూముల్లోని వోల్ ఎలుకల సంఖ్య ఎందుకు పడిపోతుందన్న ప్రశ్న మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు. మిడిల్టన్ అమెరికా నుంచి వచ్చిన బూడిదరంగు ఉడుత బ్రిటన్‌లో ఎలా వ్యాపిస్తోందో నమోదు చేశారు. పాట్రిక్ లెస్లీ 1945లో, వయసుల వారీగా జననాలు, మరణాలు తెలిస్తే జనాభా రేపు ఎంత ఉంటుందో చెప్పే గణిత పద్ధతిని ప్రచురించారు. లెస్లీ మాత్రిక పేరుతో దాన్ని నేటికీ వాడుతున్నారు.

1967లో ఎల్టన్ పదవీ విరమణతో బ్యూరో కూడా మూతపడి, మిగిలిన పని జంతుశాస్త్ర విభాగంలో కలిసిపోయింది. ఆయన ఇష్టపడి ఒప్పుకున్న ముగింపు కాదది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఎలుకల మీద పనిచేశారన్నది నిజమేనా?

నిజమే. దిగుమతుల మీద బతికే దేశంలో గోదాముల ధాన్యాన్ని ఎలుకలు తినేస్తుంటే చూస్తూ ఊరుకోలేరు కదా. బ్యూరో మొత్తం ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్ల నియంత్రణ మీదికి మళ్లింది.

ఎలుక కొత్త వస్తువును చూస్తే బెదురుతుంది. నిన్నటిదాకా లేని ఎర కనిపిస్తే దగ్గరకు రాదు, వచ్చినా రుచి చూసినంతే తింటుంది. ఆ కొద్దిపాటి విషంతో చావదు, పైగా ఇక ఆ ఎర జోలికి పోదు. అందుకని ముందు కొన్నాళ్లు విషం కలపని ఎర పెట్టి అలవాటు చేసి, ఎలుకలు ధైర్యంగా కడుపునిండా తినడం మొదలెట్టాక ఒక్కసారిగా విషం కలిపేవారు. రోజూ పెట్టిన ఎరలో ఎంత మాయమైందో తూచి, దాన్నిబట్టి ఎలుకలు సుమారు ఎన్నో, విషం పెట్టాక ఎన్ని మిగిలాయో అంచనా వేసేవారు. చచ్చిన ఎలుకల్ని చూపించి మురిసిపోయే రోజుల్లో, మిగిలినవి ఎన్ని అని అడగడం కొత్త. ఈ పనంతా 1954లో మూడు సంపుటాలుగా వెలువడింది.

పరాయి జీవుల దండయాత్ర గురించి ఆయన ఏం చెప్పారు?

1957లో బీబీసీ రేడియోలో చేసిన మూడు ప్రసంగాలను పెంచి 1958లో పుస్తకంగా తెచ్చారు. మనుషులు ఓడల్లో, విమానాల్లో తెలిసో తెలియకో మొక్కల్నీ జంతువుల్నీ ఖండాలు దాటిస్తున్నారు. కోట్ల ఏళ్లు విడివిడిగా ఉన్న జీవజాలాలు ఒక్కసారిగా కలిసిపోతున్నాయి. కొన్ని జాతులు కొత్త చోట పేలినట్టుగా పెరుగుతున్నాయి. వీటినే ఆయన ఆవరణ విస్ఫోటాలు అన్నారు.

ఉదాహరణలు ఒకదాన్ని మించి ఒకటి. 1905లో ఒక రాకుమారుడు ప్రాగ్ దగ్గర ఐదు మస్క్‌రాట్‌లను వదిలాడు. తోలు కోసం పెంచే ఈ ఉత్తర అమెరికా నీటి ఎలుకలు కొన్ని దశాబ్దాల్లో మధ్య ఐరోపా అంతా లక్షలుగా పాకిపోయాయి. పశ్చిమ ఆఫ్రికా నుంచి 1930 ప్రాంతంలో బ్రెజిల్ చేరిన ఒక మలేరియా దోమ 1938లో ఘోరమైన మహమ్మారి తెచ్చింది. ఊరూరా గాలించి 1940కల్లా ఆ దేశంలో దాన్ని నిర్మూలించగలిగారు. తుడిచిపెట్టగలిగిన అరుదైన సందర్భాల్లో అదొకటి. ఐరోపా పక్షి స్టార్లింగ్, అమెరికా పెద్ద సరస్సుల్లో చేపల్ని పీల్చిన సీ లాంప్రే, చెస్ట్‌నట్ చెట్లను ఎండగొట్టిన శిలీంధ్రం, అన్నింటి కథా ఉంది.

పుస్తకం చివర పొలం గట్ల మీది కంచెపొదలు, దారి పక్క గడ్డి మిగల్చమని అడుగుతారు. క్రిమిసంహారకాలు చల్లితే పురుగుల్ని తినే పురుగులు కూడా చచ్చి, తోటలు మరింత బలహీనపడతాయని హెచ్చరిస్తారు. 1962లో రేచల్ కార్సన్ క్రిమిసంహారకాల మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఎల్టన్ మాటలు ఉటంకించడం యాదృచ్ఛికం కాదు.

ఆ పుస్తకం మీద విమర్శలు లేవా?

ఉన్నాయి, కొన్ని న్యాయమైనవే. జాతులు ఎక్కువున్న సమాజం స్థిరంగా ఉంటుందని, పరాయి జాతిని సులువుగా రానివ్వదని ఎల్టన్ ఆరు రకాల ఆధారాలు చూపించారు. 1970ల మొదట్లో రాబర్ట్ మే గణితంతో పరీక్షించి, జాతులు, వాటి మధ్య సంబంధాలు పెరిగినంత మాత్రాన స్థిరత్వం దానంతటదే రాదని తేల్చారు. ఇప్పటికీ ఆ చర్చ తెగలేదు.

మరో విమర్శ ఆయన వాడిన యుద్ధ పరిభాష మీద. దండయాత్ర, విస్ఫోటం లాంటి మాటలు పరాయిదన్న ప్రతి జీవినీ శత్రువును చేస్తాయని కొందరు శాస్త్రవేత్తల అభ్యంతరం. వచ్చిన జాతుల్లో ఎక్కువ భాగం నిలదొక్కుకోలేవని, నిలిచినవాటిలోనూ చాలావరకు పెద్దగా హాని చేయవని నేడు తెలుసు. ఎల్టన్ హాని చేసినవాటి కథలనే ఏరి చెప్పారు. రేడియో శ్రోతల కోసం మొదలైన పుస్తకానికి అది సహజమే, శాస్త్రానికి చాలదు. చిత్రంగా, ఈ రంగం ఊపందుకున్నది 1980లలో, అంటే పుస్తకం వచ్చిన పాతికేళ్లకు.

వైథమ్ అడవుల్లో ఏం చేశారు?

ఆక్స్‌ఫర్డ్ పక్కనున్న వైథమ్ అడవులు 1942లో విశ్వవిద్యాలయం చేతికి వచ్చాయి. యుద్ధం తర్వాత ఎల్టన్ దాదాపు రెండు దశాబ్దాలు అక్కడి జంతువులన్నింటినీ ఆవాసాల వారీగా నమోదు చేశారు. చెట్టు పైకొమ్మ, పొద, ఆకుచెత్త, పుట్టగొడుగు, కుళ్లుతున్న దుంగ, పేడ, ఇలా ఒక్కోదానిలో ఎవరుంటారో చీటీల మీద ఎక్కించారు. 1966లో వచ్చిన పుస్తకం దాని ఫలితం. తక్కువమంది చదివినది, నా లెక్కలో అన్యాయంగా మరుగున పడినది ఇదే. పడిపోయిన చెట్లనూ పుచ్చిన మానులనూ శుభ్రం పేరుతో తీసేస్తే ఆ అడవి జంతుజాతుల్లో బహుశా ఐదో వంతుకు పైగా పోతాయని అందులో రాశారు. అప్పటి అటవీ యాజమాన్యానికి ఎండు దుంగ అంటే ఏరిపారేయాల్సిన చెత్త. ఇప్పుడు ఐరోపాలో చాలా అడవుల్లో దుంగల్ని పడినచోటే వదిలేస్తున్నారు.

ఏ గౌరవాలు దక్కాయి?

1953లో రాయల్ సొసైటీ ఫెలో. 1967లో లిన్నియన్ పతకం, 1970లో డార్విన్ పతకం, 1976లో టైలర్ బహుమతి. 1949లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకృతి రక్షణ సంస్థ నేచర్ కన్సర్వెన్సీని ఏర్పాటు చేయడానికి దారితీసిన కృషిలోనూ ఆయనకు భాగముంది.

మొట్టమొదటి జంతు ఆవరణ శాస్త్రవేత్త ఆయనేనా?

అలా అనడం సరికాదు. అమెరికాలో విక్టర్ షెల్‌ఫర్డ్ 1913లోనే జంతు సమాజాల మీద పుస్తకం రాశారు. జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ సెంపర్ 1881లో, తినేవి తినబడేవాటికంటే తక్కువగా ఎందుకుండాలో చర్చించారు. ఎల్టన్‌కు దక్కాల్సిన ఘనత, చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఎవరైనా పొలంలోకి వెళ్లి పరీక్షించగల ప్రశ్నలుగా మార్చడం.

ఆయన రచనల్లో ముందు ఏది చదవాలి?

1927 పుస్తకంతో మొదలుపెట్టండి. తిండి గొలుసుల గురించిన ఐదో అధ్యాయం ముందు చదివి, నచ్చితే మొదటికి వెళ్లినా ఫరవాలేదు. కథల్లా చదువుకోవాలనుకుంటే 1958 నాటి దండయాత్రల పుస్తకం హాయిగా సాగుతుంది, పైన చెప్పిన విమర్శలు మనసులో ఉంచుకుంటే చాలు. 1942లో వచ్చిన వోల్‌లు, చిట్టెలుకలు, లెమ్మింగుల మీది పెద్ద గ్రంథం పట్టికలంటే భయం లేనివాళ్లకు. వైథమ్ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవాల్సిన పనిలేదు, కుళ్లుతున్న చెక్క మీది అధ్యాయం తెరిచి, అది పట్టుకుని దగ్గరలో ఏదైనా పడిపోయిన చెట్టు దగ్గరకు వెళ్లండి.